కన్సోల్ విప్పితే తప్పేంటి?

2007 ప్రాంతంలో అమెరికాలో చాలా ఇళ్లలో ఒక వింత వైద్యం నడిచింది. ఆడుతూ ఆడుతూ ఉండగా మైక్రోసాఫ్ట్ గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 ఠక్కున ఆగిపోతుంది. పవర్ బటన్ చుట్టూ ఉండే నాలుగు లైట్లలో మూడు ఎర్రగా మెరుస్తాయి. యజమాని ఆ పెట్టెకు రెండు మూడు టవళ్లు గట్టిగా చుట్టి, గాలి ఆడకుండా చేసి, కాసేపు ఆన్‌లోనే వదిలేస్తాడు. లోపల వేడి పెరిగి సోల్డర్ కరుగుతుందని, ఊడిన అతుకులు మళ్లీ అంటుకుంటాయని నమ్మకం. కొందరి కన్సోళ్లు నిజంగానే లేచి కూర్చున్నాయి. ఆ సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

సీసం లేని సోల్డర్ కరగాలంటే దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఎన్ని టవళ్లు చుట్టినా ఆ వేడి రాదు. రోగం కూడా అందరూ అనుకున్నంత సూటిగా లేదు. ఎక్స్‌బాక్స్ చరిత్రపై మైక్రోసాఫ్ట్ 2021 డిసెంబరులో విడుదల చేసిన డాక్యుమెంటరీలో, అప్పట్లో హార్డ్‌వేర్ బాధ్యత చూసిన టాడ్ హోమ్‌డాల్ దాన్ని విడమరిచి చెప్పారు. కన్సోల్ ఆన్ చేస్తే చిప్ వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. ఆ వేడి, చల్లదనాల మధ్య లోపలి అతుకులు సాగి, ముడుచుకుని, చివరికి తెగిపోయాయి. అంటే టవల్ చుట్టినవారు రోగాన్ని పెంచిన వేడినే ఇంకో మోతాదు పట్టించారన్నమాట. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచింది. అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్కలో రాసుకుంది.

ఈ కథ విన్నవారు ‘అందుకే ఇంట్లో రిపేర్లు పెట్టుకోకూడదు’ అనేస్తారు. తేలిగ్గా దొరికే తీర్పు అది. కానీ టవళ్లు చుట్టినవారికి లోపించింది తెలివి కాదు, సమాచారం. లోపల ఏం తెగిందో ఇంత వివరంగా బయటికి వచ్చేసరికి ఆ కన్సోల్ తయారీయే ఆగిపోయి ఏళ్లు గడిచాయి. డబ్బు పెట్టి కొన్న వస్తువు ఎందుకు చెడిందో చెప్పేవాడు లేనప్పుడు జనం చేతికందిన వైద్యమే చేసుకుంటారు. ఇంటి రిపేరు ఎక్కడ ఆగాలన్నది చేసేవాడి చేతి పనితనాన్ని బట్టి తేలాలి. ఇప్పుడది కంపెనీ వేసిన తాళాన్ని బట్టి తేలుతోంది. వాదన పెట్టుకోవలసింది అక్కడ.

తప్పుడు వైద్యం మన ఇళ్లకూ కొత్త కాదు. 1990ల్లో తెలుగు ఊళ్లలో పిల్లలు టీవీకి తగిలించి ఆడిన ‘వీడియో గేమ్’ పెట్టెల్లో చాలావరకు, జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫామికాంకు నకళ్లు. మారియో క్యాసెట్ పెట్టినా తెర మీద బొమ్మ రాకపోతే దాన్ని పీకి, అంచులోకి గట్టిగా ఊది, మళ్లీ గుచ్చేవారు. బొమ్మ వచ్చేది. ఊదడం వల్లే వచ్చిందని పక్కింటి పిల్లలకూ నేర్పేవారు. అసలు పనిచేసింది పీకి మళ్లీ గుచ్చడమే. క్యాసెట్ అంచున ఉండే లోహపు పట్టీలు, పెట్టెలోని పిన్నులు ఈసారి సరిగ్గా ఆనుకునేవి. నోటి తడి మాత్రం ఆ పట్టీల మీద చేరి మెల్లగా తుప్పు పట్టించేది. ఊదవద్దని నింటెండోయే తర్వాత హెచ్చరించింది. దూదిపుల్లకు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిస్తే సరిపోయే పని అది.

అదే యంత్రం 1985లో ‘ఎన్‌ఈఎస్’ పేరుతో అమెరికా చేరినప్పుడు ఇంకో మెలిక పడింది. వీసీఆర్‌లా కనిపించాలని క్యాసెట్‌ను ముందు నుంచి తోసి కిందికి నొక్కేలా తయారుచేశారు. నొక్కీ నొక్కీ 72 పిన్నుల కనెక్టర్ వదులయ్యేది. దానికి తోడు, అనుమతి లేని క్యాసెట్లు ఆడకుండా ఒక తాళం చిప్ పెట్టారు. క్యాసెట్‌లోని జోడీ చిప్‌తో దానికి సంబంధం తెగిందంటే కన్సోల్ మళ్లీ మళ్లీ రీసెట్ అయ్యేది, ముందున్న ఎర్రలైటు మినుకుమినుకుమనేది. డబ్బు పోసి కొన్న అసలు క్యాసెట్‌నే యంత్రం దొంగ సరుకులా చూసేది. ఈ చిక్కుకు మందును యజమానులే కనిపెట్టారు. ఆ చిప్ నాలుగో పిన్నును బోర్డు నుంచి తప్పిస్తే తాళం నోరు మూసుకుంటుంది. 1993లో నింటెండో ఎన్‌ఈఎస్‌ను మళ్లీ డిజైన్ చేసినప్పుడు క్యాసెట్‌ను పైనుంచి పెట్టేలా మార్చింది, తాళం చిప్ తీసేసింది.

ఇంట్లో చేసుకోదగ్గ రిపేరు ఎలా ఉంటుందో చూడాలంటే నింటెండో స్విచ్‌కే రావాలి. 2017 మార్చిలో వచ్చిన ఈ కన్సోల్‌కు రెండు పక్కలా తగిలించే జాయ్‌కాన్ కంట్రోలర్లకు ఒక జబ్బు ఉంది. స్టిక్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ దానంతటదే ఓ పక్కకు నడిచిపోతుంది. ఆటగాళ్లు దీన్ని ‘డ్రిఫ్ట్’ అంటారు. స్టిక్ అడుగున కార్బన్ పూత ఉన్న చిన్న పట్టీలు ఉంటాయి, వాటి మీద సన్నని లోహపు కాళ్లు జారుతుంటాయి. కాలు ఎక్కడ ఆనిందో దాన్నిబట్టి కరెంటు విలువ మారుతుంది, స్టిక్ ఎటు తిరిగిందో కన్సోల్ లెక్క కడుతుంది. రాసుకుని రాసుకుని పూత అరిగితే లెక్క తప్పుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమన్నట్టే ఇదీ.

దీన్ని మార్చడానికి సోల్డరింగ్ అక్కర్లేదు. వెనకవైపు నాలుగు స్క్రూలు ఉంటాయి. వాటి తలలు మామూలు ప్లస్ గుర్తులా కాక మూడు కొమ్ములతో ఉంటాయి కాబట్టి దానికి తగిన డ్రైవర్ కావాలి. మూత తెరవగానే పుస్తకంలా చాపేయకూడదు. రెండు భాగాలనూ కలుపుతూ కాగితంలా పలచటి రిబ్బన్ కేబుళ్లు ఉంటాయి. బ్యాటరీని ప్లాస్టిక్ చీలికతో మెల్లగా లేపాలి, ఇనుప మొనతో పొడిస్తే లిథియం సెల్ మంట పట్టవచ్చు. దాని కింది పలకను తీస్తే స్టిక్ కనిపిస్తుంది, రెండు స్క్రూలు, ఒక రిబ్బన్. రిబ్బన్‌ను పట్టి ఉంచే నల్లని రెక్క గోటి కొనంత ఉంటుంది. దాన్ని పైకి లేపాకే కేబుల్ లాగాలి. తొందరపడి లాగినవాళ్లు రెక్కనే విరగ్గొట్టుకుంటారు. కొత్త స్టిక్ బిగించాక సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్యాలిబ్రేషన్ చేస్తే పని పూర్తి. ఓపిక, వెలుతురు, స్క్రూలు పోకుండా ఒక గిన్నె ఉంటే పదో తరగతి పిల్లలు పెద్దల ఎదుట చేయగల పనే.

ఈ రిపేరు మన దగ్గర ఇంకాస్త అవసరం. నింటెండో తన స్విచ్‌ను భారతదేశంలో అధికారికంగా అమ్మలేదు. ఇక్కడున్నవి దిగుమతి వ్యాపారుల దగ్గర కొన్నవో, అమెరికా నుంచి సెలవులకొచ్చిన బాబాయి సూట్‌కేసులో తెచ్చినవో. డ్రిఫ్ట్‌పై 2019లో అమెరికాలో కోర్టు కేసులు పడ్డాయి, 2020లో నింటెండో అధ్యక్షుడు షుంతారో ఫురుకావా క్షమాపణ చెప్పారు, 2023లో యూరప్‌లో వారంటీ దాటినా ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ మాటిచ్చింది. ఆ మాట గుంటూరు దాకా రాదు. ఇక్కడి యజమానికి మిగిలింది రెండే దారులు, సొంత స్క్రూడ్రైవర్ లేదా వీధి చివర మెకానిక్.

అరగని స్టిక్ తయారుచేయడం తెలియక ఇదంతా జరుగుతోందనుకుంటే పొరపాటు. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు ఉన్నాయి. వాటిలో ఏదీ దేనికీ రాసుకోదు, అరగదు. అలాంటి స్టిక్‌లు జాయ్‌కాన్‌కు సరిపోయేలా ఇతర కంపెనీలు చేసి అమ్ముతున్నాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో మాత్రం నింటెండో మళ్లీ పాత పద్ధతినే నమ్ముకుంది.

సోనీ కథ ఇంకో తీరు. ప్లేస్టేషన్ 5 (పీఎస్5)తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌లో ఒక్కో స్టిక్ బోర్డుకు 14 చోట్ల సోల్డర్ చేసి ఉంటుంది. దాన్ని ఊడబెరకాలంటే చెయ్యి తిరిగి ఉండాలి, లేకపోతే బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. అదే సోనీ 2023 జనవరిలో డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్ తెచ్చింది. అందులో స్టిక్ మొత్తాన్ని మీట నొక్కి లాగేసి కొత్తది గుచ్చుకోవచ్చు, ఏ పనిముట్టూ అక్కర్లేదు. అమెరికాలో మామూలు కంట్రోలర్ ధర అప్పుడు 70 డాలర్లు, దీనిది 200. సులభంగా మార్చుకునేలా చేయడం కంపెనీకి చేతనైన పనేనని తేలిపోయింది. ఆ సౌకర్యాన్ని ఖరీదైన అరలో పెట్టి అమ్మడమే అభ్యంతరకరం.

అలాగని ప్రతి కన్సోల్‌నూ వంటింటి బల్ల మీద విప్పేయమని ఎవరూ చెప్పరు. మొదట చేయవలసిన పని స్క్రూడ్రైవర్ వెతకడం కాదు. బొమ్మ రాకపోతే కేబుల్ మార్చి చూడాలి, టీవీలో ఇంకో పోర్టు చూడాలి. పీఎస్4, పీఎస్5లలో పవర్ బటన్‌ను రెండో బీప్ వచ్చేదాకా నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. రోగం సాఫ్ట్‌వేర్‌దైతే చాలాసార్లు అక్కడే కుదుటపడుతుంది. పీఎస్5 పక్క మూత ఏ స్క్రూ లేకుండా ఊడి వస్తుంది. లోపల దుమ్ము పోగయ్యేందుకు సోనీయే రెండు గుంటలు పెట్టింది, వాక్యూమ్‌తో లాగేయవచ్చు. ఆ దుమ్మే ఫ్యాన్ రొదకూ, వేడికీ మూలం.

అక్కడ నుంచి లోపలికి పోతే జాగ్రత్త పడాల్సినవి మొదలవుతాయి. పవర్ సప్లైని ఇంట్లో తెరవకూడదు. 230 వోల్టుల ప్లగ్ పీకేసినా అందులోని కెపాసిటర్లు కరెంటును పట్టి ఉంచుతాయి. పీఎస్5లో ప్రధాన చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య మామూలు పేస్టు బదులు ద్రవలోహం ఉంటుంది. అది కరెంటును ప్రవహింపజేస్తుంది, ఒక్క బొట్టు పక్కకు జారి బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. కేబుల్ తన్నుకుని విరిగే హెచ్‌డీఎంఐ పోర్టు కూడా అంతే. దానికి 19 పిన్నులుంటాయి, హాట్ ఎయిర్‌తో తీయాలి, మైక్రోస్కోపు కింద అతకాలి. కోఠీ గుజరాతీ గల్లీలోనో, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలోనో ఆ పనే రోజంతా చేసే మనుషులకు ఇచ్చేయడం మంచిది. ఎక్కడ ఆగాలో తెలిసినవాడు రిపేరు సగం నేర్చినట్టే.

ఇక్కడి వరకు హద్దు పెట్టింది చేతి పనితనం. అందులో అన్యాయమేమీ లేదు. చేతనైనవాడు చేసుకుంటాడు, చేతకానివాడు దుకాణానికి ఇస్తాడు.

అసలు పేచీ ఆ తర్వాతది. కొన్ని కన్సోళ్ల వెనక స్క్రూ మీద చిన్న స్టిక్కర్ ఉంటుంది, చింపితే వారంటీ పోతుందని రాసి ఉంటుంది. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ప్రకారం అలాంటి షరతు సాధారణంగా చెల్లదు. 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. ఆ ఆరింటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఉన్నాయి. కన్సోళ్ల ప్రపంచంలో ప్రధానమైన కంపెనీలు ఆ మూడే.

స్టిక్కర్‌ది బెదిరింపు మాత్రమే, డిస్క్ డ్రైవ్‌ది నిజమైన తాళం. పీఎస్5లోనూ, ఎక్స్‌బాక్స్‌లోనూ డిస్క్ చదివే డ్రైవ్ బోర్డు, ఆ కన్సోల్ మదర్‌బోర్డుతో జతకట్టి ఉంటుంది. డ్రైవ్ చెడిపోతే అచ్చం అలాంటిదే ఇంకోటి తెచ్చి, ఎంత నేర్పుగా బిగించినా ఆట ఆడదు. మెకానిక్‌లు పాత డ్రైవ్‌లోని చిన్న బోర్డును విప్పి కొత్త డ్రైవ్‌కు తగిలించి నెట్టుకొస్తున్నారు. ఆ చిన్న బోర్డే కాలిపోతే ఎంతటి పనిమంతుడైనా చేతులెత్తేయవలసిందే.

నకిలీ డిస్కులను ఆపడానికే ఈ ఏర్పాటని కంపెనీల జవాబు. దొంగ డిస్కుల బెడద నిజమే, ఆటలు తయారుచేసేవాళ్ల శ్రమకు రక్షణ కావాల్సిందే. కానీ ఆ జవాబులోని బలాన్ని సోనీయే తగ్గించేసింది. 2023 చివర్లో వచ్చిన సన్నని పీఎస్5కు డిస్క్ డ్రైవ్‌ను విడిగా అమ్ముతోంది. కొన్నవాడు ఇంట్లోనే దాన్ని గుచ్చి, ఇంటర్నెట్‌కు కలిపి, నిమిషాల్లో జత కుదుర్చుకుంటాడు. నకిలీలను అడ్డుకుంటూనే యజమాని చేత జత కట్టించవచ్చని కంపెనీయే చేసి చూపించింది. అలాంటప్పుడు పాత కన్సోల్ యజమానికీ, అతని మెకానిక్‌కూ ఆ వెసులుబాటు లేదనడానికి సాకు ఏముంది? పీఎస్4లోనూ ఇలాంటిదే జరిగింది. లోపలుండే గుండ్రటి బ్యాటరీ అయిపోయి, సోనీ నెట్‌వర్క్ కూడా అందకపోతే ఆటలు ఆడవని 2021లో ఔత్సాహికులు పసిగట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్‌తో ఆ అడ్డు తొలగిపోయింది. ఒక్క సాఫ్ట్‌వేర్ మార్పు చాలింది.

చట్టాలు చేసినవాళ్లు కూడా కన్సోళ్ల దగ్గరికి వచ్చేసరికి తడబడ్డారు. సొంతదారుకు, బయటి మెకానిక్‌కు విడిభాగాలు, మాన్యువళ్లు ఇవ్వాలంటూ మిన్నెసోటా, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2023లో చట్టాలు తెచ్చాయి. రెండింటిలోనూ వీడియో గేమ్ కన్సోళ్లకు మినహాయింపు ఇచ్చారు. రిపేరు కోసం కన్సోల్ డిజిటల్ తాళాన్ని దాటడాన్ని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2021లో తొలిసారి ఒప్పుకుంది, అదీ డిస్క్ డ్రైవ్ వరకే. ఆ తాళం తీసే పనిముట్టును ఇంకొకరికి ఇవ్వడం ఇప్పటికీ కుదరదు. ఎవరి తాళపుచెవి వాళ్లే తయారుచేసుకోవాలన్న అనుమతి ఎంతమందికి పనికొస్తుంది?

ఇంకో దారి సాధ్యమేనని వాల్వ్ కంపెనీ చూపించింది. 2022లో వచ్చిన తన చేతి కన్సోల్ స్టీమ్ డెక్‌ను ఎలా విప్పాలో, ఎక్కడ ప్రమాదం ఉందో అమ్మకానికి ముందే వీడియో తీసి పెట్టింది. ‘మీరు విప్పకపోతేనే మంచిది, కానీ విప్పే హక్కు మీదే’ అన్నది దాని సారాంశం. ఆపైన విడిభాగాలు అమ్మే ఐఫిక్సిట్ సంస్థ ద్వారా స్టిక్‌లు, ఫ్యాన్లు, తెరలు అమ్మకానికి పెట్టింది. మైక్రోసాఫ్ట్ కూడా 2023 నుంచి ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ విడిభాగాలను నేరుగా అమ్ముతోంది. ఆ రెండు కంపెనీలూ దానివల్ల దివాలా తీయలేదు.

మన దేశంలో రిపేరు హక్కు మాట 2022 జులైలో గట్టిగా వినిపించింది. వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసి నాలుగు రంగాలను ఎంచుకుంది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-టాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు. అదే ఏడాది డిసెంబరులో రిపేరు హక్కు పోర్టల్ మొదలైంది. వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో మార్కులు వేసే సూచీపై 2025లో ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది, మొదటి వంతు ఫోన్లకూ టాబ్లెట్లకూ వచ్చింది. ఆ జాబితాల్లో గేమ్ కన్సోల్ ప్రస్తావన విడిగా ఎక్కడా లేదు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని ధర 49,990 రూపాయలు. అది చాలామంది మధ్యతరగతి ఉద్యోగుల నెల జీతం కంటే ఎక్కువ. ఆటవస్తువు కదా అని పక్కన పెట్టేయదగ్గ ఖర్చు కాదు.

కార్ల విషయంలో ఇక్కడ ఇలాంటి పంచాయితీ ఇదివరకే నడిచింది. విడిభాగాలను, సాంకేతిక వివరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. కానీ వస్తువు అమ్మేశాక దాని రిపేరును గుప్పిట్లో పెట్టుకోవడం పోటీని చంపడమేనని ఆ ఉత్తర్వు ఒప్పుకుంది. కారుకు వర్తించిన ఆ తర్కం కన్సోల్‌కు వర్తించకపోవడానికి కారణం కనిపించదు.

కాబట్టి అడగాల్సినవి మూడు. రిపేరు సూచీ తర్వాతి విడతలో కన్సోళ్లను, కంట్రోలర్లను చేర్చాలి. స్టిక్, ఫ్యాన్, డ్రైవ్, పోర్టు వంటి త్వరగా చెడే భాగాలను, వాటిని మార్చే పద్ధతిని కంపెనీలు ఇక్కడి కొనుగోలుదారుకూ అందుబాటులో పెట్టాలి, జతకట్టే సాఫ్ట్‌వేర్‌తో సహా. యజమాని మూత తెరిచినంత మాత్రాన వారంటీ పోదని, అతని చేతివల్లే నష్టం జరిగిందని కంపెనీ చూపిస్తేనే పోతుందని నిబంధన రావాలి. ద్రవలోహం జోలికి పోనివాడికీ, పోయి బోర్డు కాల్చుకున్నవాడికీ తేడా అప్పుడే తెలుస్తుంది. సర్వీస్ సెంటర్ లేని నర్సీపట్నంలో ఉన్నవాడు స్టిక్ తనే మార్చుకుంటాడా, కోఠీకి పంపుతాడా అన్నది తర్వాత అతని ఇష్టం.